అలలు లేని చోట

నవంబర్ 11, మంగళవారం

ఈ రోజు కూడా మెట్ల కింద కూర్చునే రికార్డు చేశాను. మా టూర్ల ఆఫీసులో ఇంకెక్కడ నోరు తెరిచినా దిల్‌సుఖ్‌నగర్ మొత్తం వచ్చి నా గొంతులో దూరుతుంది. కింద గాజుల కొట్టు వాడి కేకలు, బస్సుల హారన్లు, కిటికీ ముందు నుంచి పోయే మెట్రో. పోయిన నెల శ్రీశైలం వాయిస్‌లో నేను డ్యామ్ గురించి చెబుతుంటే వెనకాల "రండి మేడం, మట్టిగాజులు" అని వినబడిందట. ఒకావిడ ఫోన్ చేసి మరీ నవ్వింది. నవ్వనీ. విన్నది కదా.

జనం వింటారు, అదీ నా గొప్ప. బస్సు ఒక చోటికి చేరే ముందు ఆ టూరు వాట్సాప్ గ్రూపులో నా గొంతు మోగుతుంది. అక్కడ ఏం చూడాలి, ఏం తినాలి, చెప్పులు ఎక్కడ విడవాలి, ఎవరి దగ్గర మోసపోకూడదు. గైడును పెట్టుకోవడం దండగ అనుకుని మా ఓనరు భానుమూర్తి సార్ ఈ పని నాకు అంటగట్టారు. ఇప్పుడేమో "పద్మక్క వాయిస్ ఒస్తదా?" అని అడిగి మరీ సీటు తీసుకుంటున్నారు. ఈ సంగతి సార్ చచ్చినా ఒప్పుకోరు.

ఈ శుక్రవారం గవ్వలపాలెం టూరు. విశాఖ ఊరి చివర, సముద్రం ఒడ్డునే ఉంటుంది. లైట్‌హౌస్ అయిపోయింది, కొండ మీద రోప్‌వే అయిపోయింది, చేపల మ్యూజియం, గవ్వల బజారు, ముంత మసాలా బండ్లు అన్నీ చెప్పేశాను. ఆదివారం పొద్దున బీచ్ దగ్గరికి వచ్చేసరికి మాటలు అయిపోయాయి. ఇది సముద్రం, చూడండి అని ఎంతసేపని చెబుతాం? ఫోన్‌లో ఎవరో తీసిన వీడియో వెతికి చూశాను. లైట్‌హౌస్‌కి ఎడమ పక్కన, అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతున్నాయి. మధ్యలో ఒక బాట వెడల్పున మాత్రం ముదురు పచ్చగా, నున్నగా, అల అనేదే లేకుండా నీళ్లు. చూస్తే ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా ఊరి చెరువు.

అదే చెప్పాను. "అలలంటే భయం ఉన్నవాళ్లు, ఈత రానివాళ్లు లైట్‌హౌస్‌కి ఎడమ పక్కన అలలు లేని చోట దిగండి. అక్కడ నీళ్లు మన చెరువులాగా నిలకడగా ఉంటాయి. నిశ్చింతగా స్నానం చేయొచ్చు."

ఒక్కసారికే బాగా వచ్చింది. సార్‌కి పంపితే వినకుండానే "సూపరండీ" అని పెట్టారు.

ఇంటికొచ్చి జితేందర్‌కి వినిపించాను. నా తమ్ముడే ఆ బస్సుకు మేనేజరు. నేనే పెట్టించాను ఈ పనిలో. వాడు అన్నం కలుపుతూ, "అక్కా, సముద్రం మొఖం సూసినవా నువ్వు ఎన్నడన్న?" అన్నాడు.

"చంద్రుని గురించి పాఠం చెప్పే సారు చంద్రుని మీదికి పోయొచ్చిండా? నోర్మూసుకొని తిను."

చూడలేదు, నిజమే. స్టాఫ్ సీటు ఒకటి ఉంటుంది కానీ ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరు వస్తారు, నన్ను దింపేస్తారు. నాకేం బాధ లేదు. వీడియోల్లో ఉన్నదే కదా అక్కడా ఉండేది.

నవంబర్ 14, శుక్రవారం

సాయంత్రం ఎల్బీ నగర్‌లో బస్సు ఎక్కించి వచ్చాను. ఎప్పటిలాగే నా సీటు పోయింది. ఈసారి నగేశ్ అనే ఆయన బావమరిదికి. ఆ నగేశ్ వంద ప్రశ్నలు వేశాడు, ఏసీ దగ్గర మొదలుపెట్టి ఉప్మాలో జీడిపప్పు దాకా.

నర్సింగ్ చదివే పిల్లలు ముగ్గురు వచ్చారు. అందులో ఒకమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీగలు పీకేసి పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. పేరు గ్రేస్. మన్సూరాబాద్. "అక్కా, గా వాయిస్ నువ్వేనా? మా సీనియర్లు చెప్పిన్రు నీ గురించి. నీ వాయిస్ వింటే పోకున్నా పోయొచ్చినట్టే ఉంటదంట." నేను ఇంత పొంగిపోయాను. కాఫీ ఇప్పిస్తానన్నాను కానీ బస్సు కదిలే టైమయింది.

వాళ్లమ్మ కూడా వచ్చింది. ఎలీశమ్మ. ఇంట్లోనే జాకెట్లు కుడుతుందట. హడావిడిలో మెళ్లో కొలతల టేపు తియ్యడం మర్చిపోయింది. టిఫిన్ డబ్బా పిల్ల చేతిలో పెట్టి నా వైపు తిరిగింది. "మా పిల్ల ఎన్నడు మమ్మల్ని ఇడ్శి పోలే మేడం. మీరు పోతలేరా?"

"నేను చానాసార్లు పోయిన అక్కా. గదంత నాకు కొట్టిన పిండి" అన్నాను.

చూడలేదంటే ఆ తల్లికి ఇంకా భయం పట్టుకునేది. అందుకే అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. పిల్ల గడ్డం పట్టుకుని, "ఇగో, మేడం ఎట్ల చెప్తే అట్ల ఇను. గీ బస్సు అన్న ఎట్ల చెప్తే అట్ల ఇను. నీ సొంత తెలివి పెట్టకు, సమజైందా?" అంది.

"నేనెప్పుడు ఇనలే మమ్మీ? దేవుని తోడు, ఇంట" అని నవ్వుతూ ఎక్కింది ఆ పిల్ల. కిటికీలోంచి నాకు కూడా చెయ్యి ఊపింది.

నవంబర్ 15, శనివారం

గ్రూపు నిండా ఫోటోలు. రోప్‌వేలో కళ్లు మూసుకున్న నగేశ్, చేపల మ్యూజియంలో గాజుకు ముక్కు ఆనించిన పిల్లలు. గవ్వలపాలెం మొత్తం ఇసుక వేస్తే రాలనట్టు ఉందట. నేను పంపిన ప్రతి వాయిస్ కింద గ్రేస్ "ఓకే టీచర్" అని పెడుతోంది. మిగతావాళ్లు వింటున్నారో లేదో దేవుడికెరుక, ఈ పిల్ల మాత్రం ఒక్కటీ వదలట్లేదు.

నవంబర్ 16, ఆదివారం

పొద్దున్నే బీచ్ వాయిస్ పెట్టాను. "ఓకే టీచర్" వచ్చింది.

మధ్యాహ్నం జితేందర్ ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి నీళ్లలో కొట్టుకుపోయిందట, వెతుకుతున్నారట. ఏ అమ్మాయి అని నేను అడగలేదు.

గ్రేస్.

నవంబర్ 17, సోమవారం

ముగ్గురూ దిగారట. ఇద్దర్ని జాలర్లు బయటికి లాగారు. గ్రేస్ చీకటి పడే ముందు దొరికింది. లైట్‌హౌస్‌కి అవతల, దూరంగా. తండ్రి ప్రభుదాసు, వాళ్ల పాస్టరుగారు కారులో వెళ్లారు. తల్లికి దవాఖానలో ఉందని చెప్పి ఉంచారట.

ఫోన్‌లో జాగా లేదని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. గవ్వలపాలెం వాయిస్‌లన్నీ తీసేశాను. నా ఒక్కదానికే కాదు, గ్రూపులో అందరికీ పోయేట్టు తీసేశాను. ఉంటే చూసినప్పుడల్లా బాధే కదా.

నవంబర్ 18, మంగళవారం

జాగా లేకనే తీశాను.

నవంబర్ 19, బుధవారం

జితేందర్ వచ్చాడు. రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టి, వచ్చే నెల మూడో తారీఖు మళ్లీ రావాలని నోటీసు ఇచ్చి పంపారు. పెదవి చిట్లి ఉంది. ఎవరు కొట్టారంటే చెప్పడు. బస్సులో వాళ్లే అయి ఉంటారు. చేయి చూపించి నీళ్లలోకి పంపింది జితేందరేనని నగేశ్ పోలీసులకు చెప్పాడట. ఆ ఒక్క మాట మీద కేసంతా వీడి నెత్తిన పడింది.

నీళ్లు తోడిపెట్టాను. పప్పుచారు చేశాను. ఏదీ ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని తనంతట తానే చెప్పాడు.

"నేను టిఫిన్లు పంచుతున్న అక్కా. గా పిల్ల ఒచ్చింది. 'అన్నా, అక్క చెప్పిన అలలు లేని జాగ ఏడుంది, నాకు ఈత రాదు' అన్నది. నేను చెయ్యి సూపిచ్చిన. అగో, గది అని. నున్నగ ఉన్నయ్ నీళ్లు, నువ్వు చెప్పినట్టే ఉన్నయ్. మోకాళ్ల దాకా పోయిన్రు, నవ్వుకుంటున్నరు. మళ్ల సూస్తే ముగ్గురు ఏడనో దూరం ఉన్నరు. అల రాలే అక్కా. ఏం రాలే. ఊకనే లోపలికి పోయిన్రు."

"పోలీసోళ్లకు వాయిస్ సంగతి చెప్పినవా?" అన్నాను.

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

వాడు నా మొహం చూశాడు. "నీ పేరు నేనెట్ల చెప్తనే" అన్నాడు.

నేను వెళ్లి అంట్లు తోముకున్నాను. వాడిని చెప్పొద్దని నేను అనలేదు. అది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

నవంబర్ 20, గురువారం

తుర్కయంజాల్ నుంచి నాయిన ఫోన్ చేశాడు. బిక్షమయ్యకు భయం అంటే ఏమిటో తెలియదంటారు మా ఊళ్లో. ఈ రోజు ఆ గొంతు వణికింది. కొడుకును జైల్లో వేస్తారా అని అడిగాడు. వెయ్యరు అన్నాను. ఎట్లా జరిగిందో మొత్తం చెప్పించుకున్నాడు.

"నిలకడ నీళ్లల్ల మనిషి ఎట్ల కొట్టుకపోతడే? గా పిల్ల లోతుకు పోయుంటది."

అవును కదా. చిన్నప్పుడు చెరువు గట్టు మీద నాయిన నాకు చెప్పిందే ఇది. అలుగు దగ్గర, తూము దగ్గర నీళ్లు కదులుతుంటాయి, అటు పోవద్దు. కదలని నీళ్లలోనే దిగాలి. ముప్పై ఏళ్లుగా ఆ మాట అబద్ధం కాలేదు. ఆ పిల్ల లోతుకు పోయుంటుంది. అంతే అయ్యుంటుంది.

నవంబర్ 22, శనివారం

భానుమూర్తి సార్ తలుపు వేసి కూర్చోబెట్టారు. తన చేత్తో టీ కూడా పోశారు. ఆయన టీ పోశారంటేనే నాకు అర్థమైపోయింది.

"చూడండి పద్మగారూ, ఆ వాయిస్ గొడవ ఇక్కడితో వదిలేయండి. మీరు తీసేశారు, మంచి పని చేశారు. మనవాళ్లు వద్దని చెప్పారు, ఆ అమ్మాయి మాట వినలేదు. అంతే. లాయరుగారు కూడా ఇదే చెప్పమన్నారు. జితేందర్‌కి మీరే నచ్చజెప్పాలి."

"ఆ పిల్ల వినలేదని చెప్పాల్నా సార్?"

"పోయిన పిల్లకి దీనివల్ల వచ్చే నష్టం ఏముందండీ? ఉన్న కుర్రాడు బయటపడతాడు. వాడు మీ తమ్ముడే కదా."

ఆయన చెప్పింది ఆలోచిస్తే తప్పేం కాదు. ఇంటికొచ్చి ఎంత వెతికినా అందులో నాకు తప్పు కనిపించలేదు. పోయిన పిల్లకు ఏమవుతుంది?

జితేందర్‌కి చెప్పాను. వాడు దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

నవంబర్ 24, సోమవారం

మన్సూరాబాద్‌లో గ్రేస్ వాళ్ల ఇంటి ముందు ఆదరణ కూడిక, పోయిన మనిషి ఇంట్లోవాళ్లను ఓదార్చే ప్రార్థన. సార్ వెళ్దాం రమ్మన్నారు. వెళ్లకపోతే బాగుండదన్నారు. సందులో షామియానా వేశారు. మేం వెనక కుర్చీల్లో కూర్చున్నాం. తెల్ల చీరలో ఎలీశమ్మ నేల మీదే కూర్చుంది. గోడకు గ్రేస్ ఫోటో. నర్సు డ్రెస్సులో ఉంది.

సార్ అప్పటికే వాళ్లకు చెప్పేసినట్టున్నారు. నాకంటే ముందే ఆ మాట అక్కడికి చేరింది. బయటపడ్డ పిల్లలిద్దరూ ఇంకా విశాఖ ఆసుపత్రిలోనే ఉన్నారు, కాదనేవాళ్లు లేరు. చుట్టూ ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. వద్దన్నా దిగిందంట. ఈ కాలం పిల్లలు ఎవరి మాట ఇంటున్నరు. పాస్టరుగారు కూడా, చెడ్డ ఉద్దేశంతో కాదు పాపం, అక్కడున్న పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పబోయి విధేయత గురించి మాట్లాడారు. పెద్దల మాట వినడం గురించి. ఎలీశమ్మ తల ఎత్తలేదు.

అన్నాలప్పుడు తప్పించుకుందామనుకున్నాను. ఆవిడే వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మంచు ముట్టుకున్నట్టు ఉంది ఆ చెయ్యి.

"మేడం, నా ముంగటనే చెప్పిన గద బస్సు కాడ. మీరున్నరు. ఇంట అన్నది, దేవుని తోడు అన్నది. అందరు వద్దంటే దిగిందట నా బిడ్డ. నిజమేనా? నా బిడ్డ మాట ఇనలేదా?"

సార్ పక్కనే ఉన్నారు. జనం ఉన్నారు. నేను తల ఊపాను.

అవునని కాదు. ఊరికే.

నవంబర్ 25, మంగళవారం

ఊరికే ఊపాను.

నవంబర్ 28, శుక్రవారం

ఆఫీసుకు వచ్చింది. బల్ల ముందు కుర్చీలో అంచు మీద కూర్చుంది. సార్ లేరు. మంచినీళ్లు ఇస్తే పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. నన్ను చూసి పోదామని వచ్చిందట. బస్సు దగ్గర తను, గ్రేస్, నేను ముగ్గురం నిలబడ్డాం కాబట్టి, ఇప్పుడు ఇద్దరమే మిగిలాం కాబట్టి నన్ను చూడబుద్ధి అయిందట.

"మా ఆయన ప్రార్థన చేద్దాం రా అంటడు. నాకు నోరు ఒస్తలేదు మేడం. సచ్చిపోయిన బిడ్డ మీద ఎవరన్న కోపం చేస్తరా? నాకు కోపం ఒస్తుంది. అన్నం కాడ కూసుంటే కోపం, పండుకుంటే కోపం. చిన్నప్పటి సంది ఒక్క మాట జవదాటలే. గా ఒక్క దినం ఎందుకు ఇనలేదే, ఎందుకు ఇనలేదే అని ఫోటోను అడుగుతున్న. మొన్న ఫోటోను చెంప మీద కొట్టిన."

చెంప మీద అన్నప్పుడు చెయ్యి తన చెంపకు ఆనించుకుంది.

"పక్కింటోళ్లు స్టార్ కట్టిన్రు, క్రిస్మస్ ఒస్తుందని. మాది ప్రతి ఏడు గ్రేసే కట్టేది. ఈసారి వద్దన్న. తల్లి మాట ఇనకుంట పోయిన పిల్ల ఇంటికి స్టార్ ఎందుకు?"

నేను నోరు తెరిచాను. కింద గాజుల కొట్టు వాడు అరిచాడు, మెట్రో వచ్చింది. నోరు మూసుకున్నాను.

పోయేటప్పుడు తలుపు దగ్గర ఆగింది. "గా జాగ ఎట్లుంటది మేడం? మీరు సూసిన్రు గద. నీళ్లు సల్లగుంటయా?"

సల్లగుంటయి అన్నాను. నాకేం తెలుసు? సల్లగుంటయి అక్కా అని చెప్పాను.

ఛీ.

నవంబర్ 30, ఆదివారం

జితేందర్‌తో పెద్ద గొడవ. సార్ చెప్పినట్టు చెప్పమని మళ్లీ అడిగాను. వాడు కంచం పక్కకు నెట్టాడు.

"ఏమని చెప్పాల్నే? నేను వద్దన్న, ఆమె దిగింది అనా? నన్ను అడిగి పోయిందే ఆమె. చెప్పులు ఏడ ఇడ్వాల్నో గది కూడ అడిగి ఇడ్శింది. గసొంటి పిల్లను మొండిది అని చెప్పాల్నా?"

"మరి జైలుకు పోతవా?"

"పోత. పోతగని గా మాట చెప్ప."

"నీ కోసమే రా నేను పరేషాన్ అయితున్న!"

"నా కోసం కాదు అక్కా," అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

డిసెంబర్ 1, సోమవారం

గవ్వలపాలెం స్టేషన్‌కు వాడితో నేను కూడా వెళ్తున్నాను. బస్సు టికెట్ తీసుకున్నాను. సార్‌కి చెప్పలేదు.

డిసెంబర్ 3, బుధవారం

గవ్వలపాలెంలో లాడ్జి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

తెల్లవారి దిగాం. స్టేషన్‌కు పదకొండు గంటలకు రమ్మన్నారు. జితేందర్ రానన్నాడు, టీ బండి దగ్గరే కూర్చున్నాడు. నేను ఒక్కదాన్నే నడిచాను. అన్నీ నేను చెప్పినవే. లైట్‌హౌస్, కొండ మీద తీగకు వేలాడే డబ్బాలు, గవ్వల కొట్లు, మసాలా బండ్లు. అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పు పోలేదు. జనం పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగుతున్నారు.

సముద్రం ఇంత పెద్ద చప్పుడు చేస్తుందని ఏ వీడియోలోనూ తెలియలేదు.

లైట్‌హౌస్‌కి ఎడమ పక్కన నిలబడ్డాను. అటు తెల్లటి నురగ, ఇటు తెల్లటి నురగ. మధ్యలో ఆ పచ్చటి బాట. ఎంత బాగుందో. ఇప్పటికీ, ఇంత జరిగాక కూడా, దిగాలంటే నేను అక్కడే దిగుతాను. నా కాళ్లు వాటంతట అవే అటు నడిచాయి.

ఎండుచేపలు ఆరబెడుతున్న ఒక ముసలామె కేక వేసింది. "ఓలమ్మా, అటెల్లకు! అల ఇరగని కాడే లోపలికి లాగేస్తాది. వొచ్చిన నీరు తిరిగెల్లిపోయే దారి అది. సూడ్డానికి నున్నగుంటాది, మనిసిని పట్టుకుపోతాది. మొన్న నీలాటి ఊరోళ్లే ఓ పిల్లని పోగొట్టుకున్నారు."

మా చెరువులో కదలని నీళ్లు ఎక్కడికీ పోవు. ఇక్కడ నిలకడగా కనబడేదే పోయే నీళ్లు. ఈ ఒడ్డున పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసే సంగతి. నేను మెట్ల కింద కూర్చుని, ఫ్యాను కట్టేసుకుని, గొంతు సవరించుకుని, ఈత రానివాళ్లను వెతికి మరీ ఇందులోకి పంపాను.

లోతుకు పోలేదు ఆ పిల్ల. మోకాళ్ల దాకా పోయి ఉంటుంది. మిగతాదంతా ఆ నీళ్లే చేసి ఉంటాయి.

ఇసుకలో కూర్చుని ఏడ్చాను. గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ముసలామె వచ్చి, మీ పిల్లా అని అడిగింది. కాదన్నాను. మరెవరు అంటే లేచి ఇసుక దులుపుకున్నాను.

స్టేషన్‌లో ఎస్సై కాగితం ముందు పెట్టుకుని, "ఏం బాబూ, వద్దని చెప్పినా అమ్మాయి మాట వినలేదంటున్నారు మీ ఓనరుగారు. అంతేనా?" అన్నాడు. జితేందర్ నేల చూపులు చూస్తున్నాడు. వాడు నోరు తెరవక ముందే నేను మాట్లాడాను.

"విన్నది సార్. ఆ జాగ చెప్పింది నేను."

మీరెవరు అన్నాడు. చెప్పాను. వాయిస్ ఏది అన్నాడు. తీసేశానని చెప్పాను. ఎందుకు తీశారు అన్నాడు.

జాగా లేక అని నోటి దాకా వచ్చింది. భయపడి తీశాను అన్నాను.

మొత్తం రాసుకున్నాడు. సంతకం పెట్టాను. మళ్లీ పిలుస్తామన్నాడు, మా ఇద్దర్నీ. బయటికొచ్చాక జితేందర్ నా బ్యాగు తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు నేను వాడిది మోసేదాన్ని.

డిసెంబర్ 4, గురువారం

సార్ ఫోన్ మీద ఫోన్. ఎత్తి, రేపటి నుంచి రానని చెప్పాను. ఆయన ఇంకా ఏదో అంటుండగా పెట్టేశాను.

పోలీసులకు చెప్పడం తేలికే. ఆ మనిషికి చెప్పాలి.

డిసెంబర్ 5, శుక్రవారం

మన్సూరాబాద్ దాకా పోయాను. సందు మొదట్లో కిరాణా కొట్టు దగ్గర నిలబడి, అక్కర్లేని అగ్గిపెట్టె కొనుక్కుని తిరిగొచ్చాను.

డిసెంబర్ 6, శనివారం

ఈ రోజు వెళ్లాను. పొద్దున పదింటప్పుడు.

వాళ్లుండేది పై అంతస్తు. తలుపు తీసే ఉంది. మిషన్ ముందు కూర్చుని ఎవరిదో పెళ్లి జాకెట్టుకు చేతులు అతుకుతోంది. ప్రభుదాసు లోపల మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయింది. లేవొద్దన్నాను. నేను కూర్చోలేదు.

"అక్కా, నేను సముద్రం ఎన్నడూ సూడలే. మొన్న బుధారం సూసిన, ఫస్టు సారి. బస్సు కాడ నీకు అబద్ధం చెప్పిన."

మిషన్ ఆగింది.

ఒక్క గుక్కలో చెప్పాను. వీడియో చూసి చెప్పానని, చెరువు అనుకున్నానని, అలలు లేని చోట దిగండి అని నా నోటితో పంపానని. గ్రేస్ నా తమ్ముడి దగ్గరికి వచ్చి, అక్క చెప్పిన జాగ ఏది అని అడిగి మరీ అక్కడ దిగిందని. ఆ వాయిస్ తర్వాత తీసేశానని. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని తల ఊపింది అబద్ధమని.

ఎలీశమ్మ నా వైపు చూస్తూనే ఉంది. నా మాటలు ఆమెకు అందుతున్నాయో లేదో తెలియలేదు. "మళ్ల చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను.

"ఎవరు వద్దనలేదా?"

"ఎవరు వద్దనలే అక్కా."

"అడిగి పోయిందా?"

"అడిగి పోయింది. చెప్పులు కూడ అడిగే ఇడ్శింది. ఎక్కడ దిగుమన్ననో అక్కడే దిగింది."

ఆమె లేచింది. ఒళ్లో ఉన్న జాకెట్టు కింద పడింది. కొడుతుందనుకున్నాను, నిలబడ్డాను. కొట్టాలి కూడా. నన్ను దాటుకుని లోపలి గుమ్మం దగ్గరికి పోయింది.

"ఏమయ్యా, ఇన్నవా? బిడ్డ మాట ఇన్నదంట! ఇన్నదంటయ్యా!"

ప్రభుదాసు మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడుపు చప్పుడు లేకుండా ఉంది.

ఎలీశమ్మ నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా మండుతున్నాయి.

"నా బిడ్డ నీ మాట ఇని సచ్చింది. ఇన్ని దినాలు ఇనలేదు ఇనలేదు అనుకుంట దాన్ని తిట్టిన, కొట్టిన. నువ్వు సూసుకుంట కూసున్నవు. నిన్ను దేవుడు క్షమిస్తడేమో, నాకు తెల్వదు. నాకు చాత గాదు. నువ్వు పో. మళ్ల నా కంటికి కనవడకు."

సరేనన్నాను. క్షమించమని అడగలేదు. చెప్పులు వేసుకుంటుంటే వేళ్లు దూరలేదు, చేత్తో పట్టుకుని దిగాను.

సగం మెట్లు దిగేసరికి పైన వరండాలో ఆమె గొంతు వినబడింది. పిట్టగోడ మీంచి వంగి పక్కింటావిడను పిలుస్తోంది. పక్కింటావిడ పలికే లోపే ఎదురింటివాళ్లను, కింద కొళాయి దగ్గర ఉన్నవాళ్లను, సందులో పోయేవాళ్లను పేరు పేరునా పిలుస్తోంది. గొంతు పగిలిపోయేలా పిలుస్తోంది.

"స్వరూపక్కా! ఓ స్వరూపక్కా, బయటికి రా! నా గ్రేస్ మాట ఇన్నదంట! అందరు ఇనుండ్రి, నా బిడ్డ మంచిది, నా బిడ్డ మాట ఇన్నదంట!"

బయటికి వచ్చిన జనం పైకి చూస్తున్నారు. నేను వాళ్ల మధ్యలోంచే నడిచి వచ్చాను.